ఏ ధార దూరం పడుతుంది?

శ్రీకాకుళం జిల్లా పల్లెటూరి హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. క్లాసులో ప్రయోగాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు రాస్తున్నాను. నేను చేసి చూసినవాటి నుంచే చెబుతాను.

ప్రశ్న: మేడమ్, గవర్నమెంట్ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి చెబుతున్నాను. క్లాసులో 48 మంది. ల్యాబ్ అంటే స్టాఫ్ రూములో మూలనున్న ఒక బీరువా. పీరియడ్ 45 నిమిషాలు. ట్రైనింగుకు వెళ్లినప్పుడల్లా ప్రయోగాలు చేయించమంటారు. దేనితో చేయించాలి? ఎప్పుడు చేయించాలి? (ఒక ఉపాధ్యాయుడు, చీపురుపల్లి)

జవాబు: నేను చేరిన మొదటి స్కూల్లోనూ అలాంటి బీరువాయే ఉండేది మాస్టారూ. తాళం ఒకరి దగ్గర, స్టాక్ రిజిస్టరు ఇంకొకరి దగ్గర. ఏదైనా పగిలితే డబ్బు ఎవరు కట్టాలన్న భయంతో రెండేళ్లు దాన్ని ఎవరూ తెరవలేదు. పట్టుబట్టి తెరిపించాక చూస్తే, వోల్ట్‌మీటరు ముల్లు తుప్పు పట్టి కదలడం లేదు. దండయస్కాంతాలన్నీ ఒకే డబ్బాలో కలగాపులగంగా పడేయడంతో వాటికి గుండుసూదిని లాగే శక్తి కూడా మిగల్లేదు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. మర్నాడు టైలరు దగ్గర గట్టి దారం ఒక ఉండ కొన్నాను. రాళ్లు గ్రౌండులోనే ఉన్నాయి. లోలకానికి ఇంకేం కావాలి?

48 మందిని నలుగురేసి చొప్పున పన్నెండు జట్లు చేయండి. బెంచీ అంచు బయటికి వచ్చేలా ఒక పెన్సిలు పెట్టి, దాని మీద పుస్తకాల కట్ట బరువుగా ఉంచండి. పెన్సిలు కొసకు దారం కట్టి, దారానికి రాయి కట్టాలి. పొడవు 25 సెం.మీ. ఈ పొడవును రాయి మధ్య భాగం వరకు కొలవాలి, ముడి వరకు కాదు. సగం జట్లకు చిన్న రాళ్లు, సగం జట్లకు దానికి రెట్టింపు రాళ్లు. ఒకరు వదలాలి, ఒకరు లెక్కపెట్టాలి, ఒకరు గడియారం చూడాలి, ఒకరు రాయాలి. ఖాళీగా కూర్చునేవాళ్లు ఉండకూడదు.

రాయి వదలడానికి ముందు బోర్డు మీద ఒక్క ప్రశ్న రాయండి. “రాయి బరువు రెట్టింపైతే త్వరగా ఊగుతుందా, నెమ్మదిగా ఊగుతుందా, తేడా ఉండదా?” ప్రతి ఒక్కరూ తమ నోటుబుక్కులో పెన్నుతో జవాబు రాయాలి. చెరపకూడదు, పక్కవాడిది చూడకూడదు. తర్వాత చేతులెత్తించి మూడు జవాబులకు మూడు అంకెలు బోర్డు మీద వేయండి. నా క్లాసుల్లో ఎప్పుడూ “పెద్ద రాయి త్వరగా” అనే వైపే చేతులు ఎక్కువ లేచేవి.

ఇక ఇరవై ఊపులు లెక్కపెట్టించండి. చిన్న రాయికీ పెద్ద రాయికీ ఇరవై సెకన్ల దగ్గరే తేలుతుంది. ఒకటి రెండు జట్లకు మాత్రం 19 వస్తుంది. అక్కడ తొందరపడి తప్పు చెప్పేయకండి. పక్క జట్టును పిలిచి, వీళ్లు లెక్కపెడుతుంటే చూడమనండి. రాయిని వదులుతూనే “ఒకటి” అంటున్నారని వాళ్లే పట్టేస్తారు. వదిలినప్పుడు “సున్నా” అనాలి, పోయి తిరిగి వచ్చాక “ఒకటి”. కొలత అంటే ఏమిటో ఆ సున్నా దగ్గర తెలిసినంత బాగా నా పిల్లలకు ఏ నిర్వచనంతోనూ తెలియలేదు.

టైముంటే దారాన్ని మీటరు పొడవు చేసి కిటికీ ఊచకు కట్టించండి. మళ్లీ ముందు ఊహ రాయించాలి. పొడవు నాలుగింతలైంది కాబట్టి కాలం కూడా నాలుగింతలు అంటారు. ఇరవై ఊపులకు 40 సెకన్లు వస్తాయి, అంటే రెండింతలే. వర్గమూలం అనే మాట అప్పుడు చెప్పండి, అంతకుముందు వద్దు. చివరి పది నిమిషాలు అన్ని జట్ల అంకెలూ బోర్డు మీద పక్కపక్కన ఉండాలి. క్లాసులో గోల తప్పదు. పక్క క్లాసు మాస్టారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

ప్రశ్న: టీచర్ గారూ, నేను ప్రయోగాలు చూపిస్తూనే ఉన్నాను. పిల్లలు చప్పట్లు కొడతారు. వారం తర్వాత పరీక్ష పెడితే పాత తప్పే రాస్తారు. లోపం ఎక్కడుంది? (ఒక ఉపాధ్యాయురాలు, నరసన్నపేట)

జవాబు: అమ్మా, మీ ప్రయోగంలో లోపం లేదు. వరస మార్చాలి. సూత్రం ముందే చెప్పేసి తర్వాత ప్రయోగం చూపిస్తే, పిల్లవాడికి అందులో తెలుసుకోవడానికి ఏమీ మిగలదు. తను పందెం కాయని ఆటలో ఎవరు గెలిస్తే వాడికేం?

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. హార్వర్డ్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్, ఆయన తోటివాళ్లు 2004లో తమ క్లాసుల మీద ఒక పరిశీలన ప్రచురించారు. ప్రయోగాన్ని ఊరికే చూసిన విద్యార్థులకూ, అసలు చూడని విద్యార్థులకూ అర్థం చేసుకోవడంలో పెద్ద తేడా కనిపించలేదు. ఏం జరుగుతుందో ముందే ఊహించి చెప్పినవాళ్లకు మాత్రం బాగా అర్థమైంది. ఆ ముందు ప్రశ్నకు అదనంగా పట్టే టైము కొద్ది నిమిషాలే.

మీకు నా సొంత కథ ఒకటి చెప్పాలి. లోతు పెరిగితే నీటి పీడనం పెరుగుతుందని చెప్పడానికి పుస్తకాల్లో ఒక బొమ్మ వేస్తుంటారు. సీసాకు మూడు రంధ్రాలు, అడుగు రంధ్రం నుంచి వచ్చే ధార అన్నిటికంటే దూరం పడుతున్నట్టు ఉంటుంది. చాలా ఏళ్లు నేనూ ఆ బొమ్మే బోర్డు మీద వేశాను. ఒక సంవత్సరం ఎనిమిదో తరగతి పిల్లలను వరండాలోకి తీసుకెళ్లి, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాకు మేకు కాల్చి మూడు రంధ్రాలు పెట్టి, గచ్చు మీదే ఉంచి నీళ్లు పోశాను. నేను “చూశారా, అడుగుది...” అంటుండగానే వెనక నుంచి ఒక అమ్మాయి, “టీచర్, నడిమి ధార ఎక్కువ దూరం ఎల్తంది కదేటి!” అంది.

వంగి చూశాను. నిజమే. నడిమిది దూరంగా పడుతోంది. పైదీ అడుగుదీ దాదాపు ఒకే చోట పడుతున్నాయి. నాకేం చెప్పాలో తోచలేదు. “రేపు చెబుతానమ్మా” అని ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను.

నీటి మట్టం 24 సెం.మీ. ఉందనుకోండి. అడుగు నుంచి 6, 12, 18 సెం.మీ. ఎత్తుల్లో రంధ్రాలున్నాయి. అడుగు రంధ్రం దగ్గర పీడనం ఎక్కువ కాబట్టి నీళ్లు అక్కడే అన్నిటికంటే వేగంగా వస్తాయి. అంతవరకు పుస్తకం చెప్పేది నిజం. కానీ ఆ నీళ్లు 6 సెం.మీ. దిగేసరికి నేల తగిలేస్తుంది. ముందుకు పోవడానికి టైమే లేదు. పై ధారకు టైముంది, వేగం లేదు. నడిమి దానికి రెండూ సరిపడా ఉన్నాయి. లెక్క ప్రకారం నడిమి ధార 24 సెం.మీ. దూరంలో పడాలి. మిగతా రెండూ సమానంగా 21 సెం.మీ. దగ్గర పడాలి. నిజం సీసాతో చేస్తే అన్నీ కొంచెం తగ్గుతాయి, వరస మాత్రం మారదు.

మర్నాడు అదే సీసాను 45 సెం.మీ. ఎత్తున్న స్టూలు అంచున పెట్టాను. నీళ్లు పోసే ముందు, “ఇప్పుడు ఏ ధార దూరం?” అని రాయించాను. నిన్న చూశారుగా, అందరూ నడిమిదనే రాశారు. అడుగుది గెలిచింది. లెక్కలో అడుగుదానికి 61, నడిమిదానికి 52, పైదానికి 39 సెం.మీ. వస్తుంది. ఇప్పుడు అన్ని ధారలకూ కింద పడడానికి కావలసినంత ఎత్తుంది కాబట్టి వేగానిదే పైచేయి అయింది. పుస్తకంలో బొమ్మ వేసినాయన సీసాను దేని మీద పెట్టాడో చెప్పలేదు, అంతే.

ఆ రెండు రోజుల పాఠాన్ని ఆ క్లాసు పిల్లలు మర్చిపోలేదు. పెళ్లిళ్లలో కనిపించినా “స్టూలు గుర్తుందా టీచర్” అంటారు. మీరు చేసేటప్పుడు మూడు రంధ్రాలూ ఒకే నిలువు గీత మీద కాకుండా కాస్త పక్కకు జరిపి పెట్టండి, లేకపోతే ధారలు ఒకదానికొకటి తగులుకుంటాయి. సీసా మూత తీసి ఉంచాలి. ఒకరు చెంబుతో నీళ్లు పోస్తూ మట్టం దిగకుండా చూడాలి. మేకు కాల్చే పని మీరే చేయండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. కొత్తగా వచ్చిన ఫిజిక్స్ లెక్చరర్ పాఠం చెప్పకుండా ప్రశ్న వేసి, పక్కవాడితో వాదించుకోమంటున్నారట. “ఏమీ నేర్చుకుంటున్నట్టు లేదు నాన్నా” అంటున్నాడు. జేఈఈ తలుచుకుంటే మాకు టెన్షన్‌గా ఉంది. ప్రిన్సిపాల్‌కు కంప్లైంట్ చేయమంటారా? (ఒక తండ్రి, ఆమదాలవలస)

జవాబు: ఇప్పుడే చేయకండి అయ్యా. మీ భయం నాకు అర్థమవుతుంది. ఫీజుకు అప్పు చేసిన తల్లిదండ్రులను చాలామందిని చూశాను. కానీ ఒక విషయం వినండి. నేర్చుకుంటున్నట్టు అనిపించడం వేరు, నేర్చుకోవడం వేరు. హార్వర్డ్‌లోనే 2019లో ఈ సంగతి పరీక్షించారు. ఒకే పాఠం సగం మందికి మంచి ఉపన్యాసంగా చెప్పారు, సగం మంది చేత జట్లుగా లెక్కలు చేయించారు. తర్వాత పరీక్ష పెడితే జట్లుగా చేసినవాళ్లకే మార్కులు ఎక్కువ వచ్చాయి. కానీ “మేం తక్కువ నేర్చుకున్నాం” అని చెప్పింది కూడా వాళ్లే! వింటుంటే అంతా నున్నగా సాగిపోయినట్టుంటుంది. తనే ఆలోచించాల్సి వచ్చినప్పుడు తల బరువెక్కుతుంది. మీవాడు చెబుతున్నది ఆ బరువు గురించే కావచ్చు.

ఇంకో లెక్క కూడా చెబుతాను. సైన్స్, గణితం, ఇంజనీరింగ్ కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను 2014లో అమెరికాలో ఒకచోట చేర్చి చూశారు. ఉపన్యాసం మాత్రమే విన్న క్లాసుల్లో ఫెయిలైనవాళ్లు సుమారు 34 శాతం. విద్యార్థుల చేత పని చేయించిన క్లాసుల్లో 22 శాతం.

రోజూ రాత్రి భోజనాల దగ్గర అబ్బాయిని మూడే అడగండి. ఈ రోజు సార్ ఏ ప్రశ్న వేశారు? నువ్వేం చెప్పావు? తర్వాత జవాబు మార్చుకుంటే, ఎందుకు? ఉదాహరణకు ఈ ప్రశ్న మీరే వేసి చూడండి. హైవే మీద లారీ, ఆటో ఎదురెదురుగా గుద్దుకుంటే, ఏది రెండోదాని మీద ఎక్కువ బలం చూపిస్తుంది? లారీయే అంటాడు, మీరూ నేనూ కూడా మొదట అదే అంటాం. రెండు బలాలూ సమానం. ఆటో తేలిక కాబట్టి దాని వేగం ఒక్కసారిగా మారిపోతుంది, నుజ్జయ్యేది అందుకే. న్యూటన్ మూడో నియమం కంఠతా వచ్చిన పిల్లలు కూడా ఇక్కడ తప్పుతారు. పోటీ పరీక్షల్లో ఇలాంటి చోటే మార్కులు పోతాయి.

ఒక్కటి మాత్రం మీరు అడగాల్సిందే. వాదన అయ్యాక చివర్లో లెక్చరర్ గారు విషయాన్ని ఒక దారికి తెచ్చి, నోట్సు రాయించి, ఇంటికి లెక్కలు ఇస్తున్నారా? వేగంగా లెక్క చేసే అలవాటు ప్రాక్టీసుతోనే వస్తుంది. దానికి వాదన సరిపోదు. అది జరగడం లేదనిపిస్తే నేరుగా ఆయన్నే కలిసి మాట్లాడండి. పిల్లల కోసం కొత్తగా ఏదైనా చేసే లెక్చరర్లు దొరకడం కష్టం.

ప్రశ్న: టీచర్, నేను తొమ్మిదో తరగతి. మా తాతయ్య వీణలు చేస్తారు. సైన్స్ ఫెయిర్‌కు వీణతో ధ్వని ప్రాజెక్టు చేయొచ్చా? (ఒక విద్యార్థిని, బొబ్బిలి)

జవాబు: చేయొచ్చా ఏమిటి తల్లీ, నీ చేతిలో ఉన్నంత మంచి ప్రాజెక్టు జిల్లాలో ఇంకెవరి దగ్గరా ఉండదు! ఒకే పనస దుంగను తొలిచి చేసే బొబ్బిలి వీణ మీ ఇంట్లోనే తయారవుతోంది.

తాతయ్యను అడిగి, మెట్లు (తీగను నొక్కే అడ్డపట్టీలు) అమర్చడం పూర్తయిన వీణ దగ్గర టేపు పట్టుకుని కూర్చో. తీగ పైన మొదలయ్యే చోటు నుంచి గుర్రం (అవతలి కొసన తీగ ఆనే దిమ్మ) వరకు ఎంత పొడవుందో కొలువు. తర్వాత గుర్రం నుంచి ఒక్కో మెట్టు వరకు కొలిచి పట్టిక రాయి. మెట్లు మొత్తం 24. తీగ పూర్తి పొడవు 84 సెం.మీ. అనుకుంటే, పన్నెండో మెట్టు గుర్రానికి 42 సెం.మీ. దగ్గర, అంటే సరిగ్గా సగంలో ఉండాలి. అక్కడ నొక్కి మీటితే మొదటి షడ్జమే (స) పై స్థాయిలో వినిపిస్తుంది, పౌనఃపున్యం (తీగ సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ అంకె) రెట్టింపవుతుంది. ఏడో మెట్టు 56 సెం.మీ. దగ్గర, మూడింట రెండు వంతుల్లో ఉంటుంది, అది పంచమం (ప). ఇరవై నాలుగోది 21 సెం.మీ. దగ్గర. మొదటి మెట్టు దగ్గర ఎడం దాదాపు 5 సెం.మీ. ఉంటే, చివరి మెట్ల మధ్య సెంటీమీటరు చిల్లరే ఉంటుంది. ఎందుకంటే ప్రతి మెట్టుకూ తీగ పొడవు అంతకుముందున్న దానిలో 0.944 వంతు అవుతుంది.

ఫెయిర్‌లో నీ బల్ల దగ్గరికి వచ్చినవాళ్లకు ఇదంతా ముందే చెప్పేయకు. వీణ మీద బట్ట కప్పి ఉంచి, “మెట్ల మధ్య ఎడం అన్నిచోట్లా ఒకటేనా, మారుతుందా?” అని చీటీ మీద రాయించుకో. తర్వాత బట్ట తీయి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఉంటే పౌనఃపున్యాలు వాళ్ల చేతే చదివించు.

నీ కొలతలు నా అంకెలతో అక్కడక్కడా మిల్లీమీటర్ల తేడాలో ఉంటాయి. కంగారుపడి దిద్దకు. తీగను మెట్టు మీదికి నొక్కినప్పుడు అది కాస్త సాగి బిగువు పెరుగుతుంది, స్వరం కొంచెం పైకి జరుగుతుంది. అందుకే మెట్లను స్కేలు పెట్టి కాకుండా చెవితో వింటూ మైనంలో అమరుస్తారు. తాతయ్య ఒక మెట్టును ఎలా సరిచేస్తారో పక్కన కూర్చుని చూసి, ఆయన చెప్పిన మాటల్నే చార్టు మీద రాయి. ఆయన్ను కూడా ఫెయిర్‌కు పిలువు.

ప్రశ్న: ఏడో తరగతి చదివే మా పాప ఇంట్లో కరెంటు ప్రయోగాలు చేస్తానంటోంది. భయంగా ఉంది. (ఒక తల్లి, రాజాం)

జవాబు: ప్లగ్ పాయింటు జోలికి ఎప్పుడూ వెళ్లకూడదు, పాత ఫోన్ బ్యాటరీలు ముట్టుకోకూడదు. గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లు ఒకటి, టార్చి బల్బు ఒకటి, జానెడు తీగ ఒక్కటే ఒక్క ముక్క ఇవ్వండి. ఇచ్చే ముందు ఎలా కలిపితే వెలుగుతుందో కాగితం మీద బొమ్మ వేయించండి. ఒకే తీగతో ఎలా అని చాలాసేపు తిప్పలు పడుతుంది. బల్బుకు అడుగున ఒకటి, పక్కన లోహపు అంచు ఒకటి, రెండు చోట్లా తగలాలని తనే కనుక్కోవాలి. మీరు చెప్పేయకండి. బల్బు లేకుండా తీగను సెల్లు రెండు కొసలకూ నేరుగా ఆనిస్తే వేడెక్కుతుంది. అలా ఉంచకుండా చూడండి చాలు.

ప్రశ్న: ఖర్చు లేకుండా స్కూలంతా కలిసి చేసే ప్రయోగం ఏదైనా చెప్పండి. (ఒక హెడ్‌మాస్టరు, టెక్కలి)

జవాబు: నీడ కొలవండి. మన అరసవల్లిలో ఏటా మార్చిలో, అక్టోబరులో ఉదయపు ఎండ స్వామి పాదాల మీద పడుతుందని అందరికీ తెలుసు. సూర్యుడు ఏడాదిలో ఒకే దారిలోకి రెండుసార్లు వస్తాడు కాబట్టే ఆ ఎండ రెండుసార్లు పడుతుంది. నడినెత్తికి కూడా అలాగే రెండుసార్లు వస్తాడు. శ్రీకాకుళంలో మే 13 ప్రాంతంలో ఒకసారి, జులై 30 ప్రాంతంలో ఒకసారి నిలువు కర్రకు మధ్యాహ్నం నీడ ఉండదు. మేలో అది పన్నెండు కొట్టకముందే, 11.50 దగ్గర జరుగుతుంది. “పన్నెండింటికి రోజూ నీడ కాళ్ల కిందే ఉంటుంది” అని పిల్లలు గట్టిగా నమ్ముతారు. ముందు ఆ మాట రాయించి, అప్పుడు కర్ర నిలబెట్టండి.

మే నెల సెలవులైనా, ఊళ్లో ఉన్న పిల్లలతో చేయించవచ్చు. మీటరు కర్రను తూకం గుండు దారంతో నిటారుగా నిలిపి, వారం రోజులు 11.30 నుంచి 12.10 వరకు ఐదు నిమిషాలకొకసారి నీడ కొసకు సుద్దతో గుర్తు పెట్టండి. నీడ అంచు మసకగా ఉంటుంది, మసక మధ్యలో గుర్తు పెట్టాలి. విజయనగరంలో, ఇచ్ఛాపురంలో మీకు తెలిసిన టీచర్లుంటే అదే వారం వాళ్లనూ చేయమనండి. ఈ రెండు ఊళ్లకూ అక్షాంశంలో సుమారు ఒక డిగ్రీ తేడా ఉంది. విజయనగరంలో నీడ మాయమైన రోజున ఇచ్ఛాపురంలో మీటరు కర్రకు 1.7 సెం.మీ. నీడ ఇంకా మిగిలే ఉంటుంది. అక్కడ అది మాయమయ్యేది నాలుగు రోజుల తర్వాత. ఆ 1.7 సెం.మీ. నీడ అంటే ఒక డిగ్రీ కోణం. ఉత్తర దక్షిణాలుగా డిగ్రీకి 111 కిలోమీటర్లు, దాన్ని 360తో హెచ్చవేస్తే భూమి చుట్టుకొలత. మీ మూడు ఊళ్ల కొలతలూ పంపండి, జూన్ సంచికలో పక్కపక్కన వేస్తాను.